పోస్టరు ప్రకారం నడిచిన నావ

మా తమ్ముడు బైరాగి ఎమ్మెల్యేగా గెలిచి రాజధానికి బయలుదేరిన పొద్దున వాడి సంచి నేనే సర్దాను. రెండు పంచెలు, మూడు తెల్ల చొక్కాలు, ఒక తువ్వాలు, చింతకాయ పచ్చడి సీసా, కడుపునొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు, ఏ నొప్పికో నాకే తెలియని ఇంకో రకం మాత్రలు. సర్దినవన్నీ బయటికి తీసి మళ్లీ సర్దాను. ఎవరైనా ఏరు దాటి వెళ్తున్నారంటే నా చేతులు ఊరుకోవు. నావ అవతలి ఒడ్డు తగిలేదాకా నేను రేవులోంచి కదలను.

“అప్పా, నానెల్తున్నది అసెంబ్లీకే. యుద్ధానిక్కాదు,” అన్నాడు వాడు.

“అక్కడి నీళ్లు నీకు పడతాయో నేదో.”

“ఎమ్మెల్యేలకి సీసా నీళ్లిస్తారంటప్పా.”

“సీసాలోవీ నీళ్లే కదేటి?”

మా ఆయన తవిటయ్య అరుగు మీద కూర్చుని నవ్వాడు. నవ్వితే ఆయనకు ఆయాసం వచ్చేది. రెండు కిడ్నీలూ చెడిపోయి అప్పటికి ఏడాది. మంగళవారం, శుక్రవారం పట్నం ఆసుపత్రికి వెళ్లి, మిషను పక్కన నాలుగు గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. ఆయన వంతు పొద్దున ఏడున్నరకి. మా ఊరు బొడ్డవలస ఏటికి ఈ ఒడ్డున ఉంది. పట్నం బస్సులు ఆగే సంతపేట ఆ ఒడ్డున ఉంది. ఆరింటికి నావ ఎక్కితే పావుగంటలో సంతపేట, ఏడు దాటేసరికి ఆసుపత్రి. నావ కాకుండా చుట్టు తిరిగి వెళ్లాలంటే నలభై కిలోమీటర్ల గతుకుల దారి, వానాకాలం అదీ మునుగుతుంది.

బైరాగి ఆ రేవులో ఇరవై రెండేళ్లు నావ నడిపాడు. వాడు గెలిచిందే ఆ ఏటి మీద వంతెన కట్టిస్తానని. బయలుదేరే ముందు బావ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, పై వానలకి నువ్వు వొంతెన మీద నడిసెల్తావు. నావ నడిపినోడ్ని, ఈ కష్టం నాకు తెలీదేటి?”

“నడవనేనురా. సైకిలెక్కించుకుని తోలు,” అన్నాడు మా ఆయన.

మాట నిలబెట్టుకోవడానికి వాడు నిజంగానే తిరిగాడు. కార్తీకంలో వంతెనకు శంకుస్థాపన జరిగింది. రాయి మీద వాడి పేరు పైనుంచి ఎనిమిదోది. వేరే పేర్లున్నా నేను దాన్నే నాలుగుసార్లు చదివాను.

ఆ చలికాలమే రాజధానిలో ఒక కొత్త ఉత్సాహం పుట్టింది. చెమటోడ్చి పైకి వచ్చిన నాయకులే రాష్ట్రానికి అసలైన ఆస్తి అని పెద్దలు కనిపెట్టారు. ఆస్తి అన్నాక కాపాడాలి కదా. అందుకని శ్రామిక నాయకుల మూలాల పరిరక్షణ సంస్థ అని ఒకటి పెట్టారు. ఒక జిల్లాలో రాళ్లు కొట్టి పైకొచ్చిన నాయకుడున్నాడు. అతను కొట్టకుండా వదిలేసిన బండ చుట్టూ ఇనుప కంచె వేశారు. ఇంకోచోట రిక్షా తొక్కిన నాయకుడి రిక్షాకు ఏసీ గది కట్టారు. మూడోవాడు మా బైరాగి.

ప్రత్యేకాధికారి విశ్వపతిరావుగారు సంక్రాంతి వెళ్లిన వారం మా రేవులో దిగారు. మంచి మనిషే. బురదలో బూట్లు పాడైనా విసుక్కోలేదు. చంకలో చుట్టచుట్టిన కాగితం ఒకటి ఉంది. విప్పి ఒడ్డున పరిపించి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టించారు. అది బైరాగి ఎన్నికల పోస్టరు.

గోడల మీద అంటించిన కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నదాన్ని నేను. పోస్టరంటే నాకు గౌరవం ఉంది. ఆ బొమ్మలో బైరాగి నావ చివర నిలబడి పొడవాటి వెదురు గెడ వేస్తుంటాడు. నావలో నలుగురు ఉంటారు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన, ఒక మేక. వెనక మా కొండ. బొమ్మ బాగుంది. తప్పొక్కటే. పార్టీ గుర్తు కుడివైపు వేయాలి, నాయకుడు గుర్తు వైపు చూస్తుండాలి అని ఎవరో చెప్పారట. ప్రెస్సువాళ్లు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చేశారు. దాంతో కుడివైపు వేసే గెడ ఎడమవైపుకు వచ్చింది. మా ఊరి రేవులోంచి బయలుదేరితే కుడిచేతి వైపు ఉండే కొండ ఎడమచేతి వైపుకు వెళ్లింది.

విశ్వపతిరావుగారు పోస్టరును చూశారు, కొండను చూశారు, మళ్లీ పోస్టరును చూశారు.

“కొండ ఎడమవైపు ఉన్నది. అనగా నాయకులవారు అవతలి ఒడ్డు నుండి ఇవతలికి వచ్చుచుండగా తీసిన ఛాయాచిత్రమిది. కాబట్టి మూలస్థానం సంతపేట. రాసుకోండి,” అన్నారు.

పక్కనున్న గుమస్తా రాసుకున్నాడు.

నేను ముందుకు వెళ్లాను. “బాబూ, బొమ్మ తిరగబడింది. మా తమ్ముడి తాయెత్తు ఎడం జబ్బకుంటాది. ఇందులో కుడి జబ్బకుంది, సూడండి.”

ఆయన వంగి చూశారు. చాలాసేపు ఆలోచించారు కూడా.

“అమ్మా, ఈ పోస్టరు పన్నెండు లక్షల ప్రతులు వేశారు. పన్నెండు లక్షల ప్రతులు పొరపాటు పడడం సాధ్యం కాదు. ఒక మనిషి పొరపాటు పడవచ్చు.”

పదిహేను రోజుల తర్వాత అసెంబ్లీ ఫోటో పేపర్లో వచ్చింది. బైరాగి తాయెత్తు కుడి జబ్బకు ఉంది.

తర్వాత ఆర్డర్లు మొదలయ్యాయి. రేవులో బోర్డుకు అంటించేవారు. చదవగలిగిన వాళ్లు పొద్దున్నే పనులకు పోయేవారు కాబట్టి మిగతావాళ్లకు నేనే చదివి పెట్టేదాన్ని. మొదటిది వంతెన గురించి. “ప్రతిపాదిత వంతెన నిర్మింపబడినచో, నాయకులవారు నావ నడిపిన రేవు తన సహజ స్వరూపమును కోల్పోవునని, తద్వారా నాయకులవారి శ్రామిక మూలమునకు భంగము వాటిల్లునని కమిటీ అభిప్రాయపడినది. కావున వంతెన పనులు నిలిపివేయడమైనది. శంకుస్థాపన రాయి నాయకులవారి హస్తముచే వేయబడినందున యథాతథముగా ఉంచబడును.”

“అంటే ఏటత్తా?” అన్నాడు గురువులు. బైరాగి ఎమ్మెల్యే అయ్యాక నావ నడుపుతున్నవాడు వాడే.

“వొంతెన నేదు. రాయుంటాది.”

“రాయి మీద దాటమంటారేటి?”

రెండో ఆర్డరు వాడికే వచ్చింది. రేవుకు అటు మూడు కిలోమీటర్లు, ఇటు మూడు కిలోమీటర్లు వేరే పడవ ఏదీ తిరగకూడదు. ఉన్న ఒక్క నావను పోస్టరు ప్రకారం నడపాలి. గెడ ఎడమవైపే వేయాలి.

మా ఏరు కొండ పక్కనుంచి కిందికి తోసుకొస్తుంది. మా రేవులోంచి దాటేవాడు కుడివైపు, అంటే కొండ వైపు, గెడ వేసి నీటికి ఎదురు తోస్తేనే నావ తిన్నగా పోతుంది. ఎడమవైపు వేస్తే ఏరు ఎటు లాగితే అటే. గురువులు మొదటిరోజు ఎడమవైపు గెడ వేస్తే సంతపేట వెళ్లాల్సిన నావ రెండు ఫర్లాంగులు కింద వెదురు డొంకలో తేలింది. జనం డొంకలోంచి చీరలు చింపుకుంటూ బయటికి వచ్చారు.

“బాబూ, ఏరు ఒప్పుకోదు,” అన్నాడు గురువులు విశ్వపతిరావుగారితో.

“నాయకులవారు ఇరవై రెండు సంవత్సరాలు ఇలాగే నడిపారు. నీకేం వచ్చింది?”

“ఆయన ఇలాగ నడపనేదు బాబూ. నాను ఆయన దగ్గరే నేర్సుకున్నాను.”

“సరిగా నేర్చుకోలేదన్నమాట,” అని ఆయన వాడికి వారంరోజుల శిక్షణ మంజూరు చేశారు. శిక్షణ ఇచ్చే మాస్టారు జిల్లా కేంద్రం నుంచి వచ్చాడు. ఈత రాదని ఒడ్డునే నిలబడి నేర్పాడు.

మూడో ఆర్డరు ప్రయాణికుల గురించి. నావలో ఎంతమంది ఎక్కవచ్చు అన్నది పాతకాలంలో గురువులు చూపుతో తేల్చేవాడు. ఇప్పుడు పోస్టరు ఉంది. ఒక దఫాకు ఇద్దరు స్త్రీలు, ఒక వృద్ధుడు, ఒక మేక. చదువుకునే పిల్లలు, కూలికి పోయే మగవాళ్లు ఎలా దాటాలని ఎవరో అడిగారు. వారి విషయం పోస్టరులో లేదు కాబట్టి పై కమిటీకి నివేదిస్తామన్నారు. మగవాళ్లు నెత్తిన తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, వృద్ధులుగా దాటడం మొదలుపెట్టారు. మేకకు గుర్తింపు కార్డు ఇచ్చారు. ఒకరోజు దానికి కడుపు ఉబ్బి లేవలేదు, ఆ రోజు మధ్యాహ్నం దాకా నావ కదల్లేదు. ఆ తర్వాత ప్రత్యామ్నాయ మేకను కూడా నియమించారు.

మా ఆయన అసలు వృద్ధుడే కాబట్టి ఇందులో ఆయనకు ఇబ్బంది లేదు. వృద్ధుడికి ఒకటి, నాకు ఒకటి, నావలో చోటు దొరికేది. మా మీదికి వచ్చింది నాలుగో ఆర్డరు. మూలస్థానం సంతపేట అని తేలింది కదా, అందువల్ల రోజూ మొదటి నావ సంతపేట నుంచే బయలుదేరాలి. ఆరున్నరకు జెండా వందనం, ఆ తర్వాత నావ. రాత్రి నావను అక్కడే గొలుసుతో కట్టి తాళం వేస్తారు. తాళంచెవి రావుగారి దగ్గర ఉంటుంది.

అంటే ఆరింటికి మా రేవులో నావ లేదు. అది వచ్చేసరికి ఏడు, మమ్మల్ని ఎక్కించుకుని డొంకలో తేలి ఒడ్డు పట్టేసరికి ఎనిమిది. ఏడున్నర వంతు పోయింది.

ఆసుపత్రిలో నర్సమ్మ మంచిది. వంతులన్నీ నిండిపోయాయని, ఎవరైనా రాకపోతే ఆ మిషను ఇస్తానని చెప్పింది. వరండా బల్ల మీద నేనూ మా ఆయనా ఎవరో ఒకరు రాకుండా ఉండాలని కూర్చునేవాళ్లం. ఎవరైనా గుమ్మంలో కనిపిస్తే మా ఆయన “వొచ్చీసినాడే” అనేవాడు. ఆ మనిషి బతికున్నందుకు సంతోషించాలో లేదో తెలిసేది కాదు. వారానికి రెండుసార్లు కావాల్సింది ఒక్కోసారి ఒకటే అయ్యేది. కాళ్లు వాచాయి. మెట్టు ఎక్కితే ఆయాసం.

గురువులు రెండు మూడుసార్లు ఈదుకుంటూ వెళ్లి, తాళం ఊడలాగి, చీకటి విడకముందే నావ తెచ్చి మమ్మల్ని దాటించాడు. కుడివైపు గెడ వేసి, పావుగంటలో. నావ రికార్డుకు విరుద్ధంగా సంచరిస్తున్నట్టు ఎవరో రాశారు. వాడికి మెమో ఇచ్చి, నావకు రెండో తాళం వేశారు.

వేసవి వెళ్లేసరికి బైరాగి మంత్రి అయ్యాడు. నావ నడిపిన చేతులకు రాష్ట్రాన్ని నడపడం ఒక లెక్కా అని పేపర్లో రాశారు. సంతపేటలో వాడి జన్మగృహం కట్టారు. వాడు పుట్టింది నేనుంటున్న ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో. మంత్రసానికి వేడినీళ్లు అందించింది నేనే. అయినా మూలస్థానం ఆ ఒడ్డున ఉన్నాక జన్మ ఈ ఒడ్డున ఉంటే బాగుండదు. కొత్త ఇల్లు పెంకుటిల్లు, పాతదానిలా కనిపించాలని గోడలకు పొగ పట్టించారు.

జన్మగృహం తెరిచే రోజు మంత్రిగారు స్వయంగా వస్తారన్నారు. నేను తొలి దఫాలోనే ఒక స్త్రీగా దాటి వెళ్లాను. గేటు దగ్గర రావుగారి గుమస్తా ఆపాడు.

“మీరెవరు?”

“నన్నెరగవేటి? బైరాగి అప్పని.”

వాడు ఫైలు తిప్పాడు. పాపం, మూడుసార్లు తిప్పాడు. “మంత్రిగారి జన్మస్థలం సంతపేట. మీ నివాసం బొడ్డవలస. తోబుట్టువు కాలమ్‌లో మీరు రారమ్మా. అభిమానుల వరుసలో వెళ్లండి. దండ తెచ్చారా?”

దండ కొని అభిమానుల వరుసలో నిలబడ్డాను. నా ముందు యాభైమంది. నా వంతు రాగానే బైరాగి నన్ను చూసి లేవబోయాడు. వెనకున్నవాళ్లు భుజం పట్టి కూర్చోబెట్టారు.

“అప్పా! బావెలాగున్నాడు?”

“కాళ్లు వాసిపోనాయిరా. వొంతెన మాట ఒగ్గీ. పొద్దుట ఆరుకి నావ మన ఒడ్డునుంచి కదిలేలాగ సెయ్యి, అంతే.”

“నాను సెప్తే ఈళ్లు ఇంటారనుకున్నావా? నా తాయెత్తే మార్సీసినారు.”

“నువ్వు మంత్రివి కదరా.”

“మంత్రినే. ఎందుకయ్యాను? నావోడ్ని కాబట్టి.” వాడు గొంతు తగ్గించాడు. “నావ మీద సెయ్యేస్తే, వొంతెన కట్టీస్తే, నానెవుడ్నప్పా? మూడు సదివినోడ్ని. రేపు ఎవుడు పలకరిస్తాడు నన్ను?”

“బావ పలకరిస్తాడు. ఉంటే.”

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోటోవాళ్లకు అది బాగా నచ్చింది. ముందుకు తోసుకొచ్చారు. “బావకి కారు పంపుతానప్పా. మంగళోరం, శుక్రోరం. తప్పదు,” అంటున్నాడు. నన్ను పక్కకు జరిపారు.

తర్వాత వాడు మా ఒడ్డు నుంచి సంతపేటలో జనం ఉన్న వైపుకు నావ నడిపి చూపాలి. ఇరవై రెండేళ్లు నడిపినవాడు. ఎడమవైపు గెడ వేయగానే నావ గిర్రున తిరిగింది. వాడు అలవాటున గెడను కుడివైపుకు మార్చబోతే ఒడ్డున రావుగారు “ఎడమ, సార్, ఎడమ!” అని చేతులు ఊపారు. నావ ఇంకో రెండుసార్లు తిరిగింది. మైకులో చెప్పే ఆయన తెలివైనవాడు, మంత్రివర్యులు గంగమ్మ తల్లికి ముమ్మారు ప్రదక్షిణం చేస్తున్నారన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇదంతా చూసిన కమిటీ, మంత్రిగారు పోస్టరులో ఉన్నంత నేర్పుగా నడపలేకపోతున్నారని, పాలనా భారమే కారణమని, వారికి కూడా శిక్షణ అవసరమని రాసింది.

కారు మాత్రం చెప్పినట్టే పంపాడు. మంగళవారం, శుక్రవారం ఆరింటికల్లా తెల్లకారు వచ్చి ఆగేది, సంతపేట రేవులో. ఈ ఒడ్డున మా ఆయన అరుగు మీద కూర్చుని దాన్ని చూసేవాడు.

“మంచి కారే. లోపల సల్లగుంటాదంట,” అనేవాడు.

అక్టోబరులో గెడ దినోత్సవం పెట్టారు. బైరాగి మొట్టమొదట గెడ పట్టిన రోజట. ఆ రోజేదో వాడికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. మంత్రిగారి డైరీలో పదిహేడు ఖాళీగా ఉందని కమిటీ ఆ రోజే నిర్ణయించింది. మంగళవారం రిహార్సలు. నావకు రంగులు వేసి ఆరబెట్టారు కాబట్టి ప్రయాణాలు లేవు. చుట్టుదారి వానకు మునిగి ఉంది. అంతకుముందు శుక్రవారం బల్ల మీద కూర్చుని ఉత్తినే తిరిగి వచ్చాం. అంటే మా ఆయన ఒంట్లో రక్తం శుభ్రపడి పది రోజులు.

శుక్రవారం ఆయన పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. పక్కింటి వాళ్లు మంచం మీద మోసుకొచ్చి రేవులో దించారు. ఏడుంపావుకు నావ వచ్చింది, పూలు, తోరణాలు కట్టుకుని. ఏరు ఎర్రగా, నిండుగా ఉంది. నావలో అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ముతక చీరలు కట్టి, చెంపలకు రంగు వేసి, జిల్లా కేంద్రం నుంచి తెచ్చిన నాట్యం పిల్లలు. వాళ్ల పక్కన మేక. ముందు విశ్వపతిరావుగారు గొడుగు పట్టుకుని ఒడ్డుకు దిగారు.

గురువులు మా ఆయన్ని ఎత్తి నావలో కూర్చోబెట్టాడు. నేను కాలు పెట్టబోయాను.

“స్త్రీలు ఇద్దరూ నిండారమ్మా. వృద్ధుడి ఖాళీ ఒక్కటే ఉంది,” అన్నారు రావుగారు.

“బాబూ, ఆయనొక్కడూ కూకోనేడు. నేను పట్టుకోవాల.”

ఆయన చంకలోంచి పోస్టరు తీసి, తడవకుండా గొడుగు కింద పెట్టి విప్పారు. విసుగు లేకుండా వేలితో చూపించారు. “చూడండమ్మా. వృద్ధుణ్ణి ఎవరూ పట్టుకోలేదు. వృద్ధుడే మేకను పట్టుకున్నాడు.”

“అత్తని ఎక్కనివ్వు బాబూ. మేకని దించుతాను,” అన్నాడు గురువులు.

“మంత్రిగారు అవతల బయలుదేరారు. అన్నీ వీడియో తీస్తున్నారు.”

మా ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. మాట రావడానికి కొంచెంసేపు పట్టింది.

“ఓలె, నువ్వింటికెల్లు. వొరండాలో ఇద్దరెందుకు? మేక తోడుందిలే నాకు.”

ఆ నాట్యం పిల్లల్లో ఒకామె ఆయన వీపు వెనక చెయ్యి వేసింది. రావుగారు చూడనట్టు అటు తిరిగారు. మంచి మనిషే అని ముందే చెప్పాను.

గురువులు ఎడమవైపు గెడ వేశాడు. నావ రెండుసార్లు తిరిగి కిందికి పోయింది. నేను ఒడ్డువెంట డొంకల్లో పడి నడిచాను, చెప్పులు ఎక్కడ పోయాయో చూసుకోలేదు. అవతల సంతపేట రేవులో తెల్లకారు కనిపిస్తూనే ఉంది. నావ రేవు దాటి, ఫర్లాంగు దాటి, ఇంకా కిందికి పోయింది. గురువులు గెడను కుడివైపుకు మార్చడం నాకు కనిపించింది. అప్పుడు ఆగింది నావ. వాడు నీళ్లలోకి దూకి మా ఆయన్ని వీపు మీద వేసుకుని గట్టెక్కాడు. కారు వైపు చెయ్యి ఊపుతూ కేకలు వేశాడు. ఏటి హోరులో నాకే వినపడుతున్నవి కారువాడికి వినపడలేదనుకోను. రేవు దాటి వెళ్లడానికి అతనికి ఆర్డరు లేదట, తర్వాత తెలిసింది. గురువులు రోడ్డు దాకా మోసుకుంటూనే వెళ్లాడు. చెట్ల వెనక్కి వెళ్లేదాకా ఆయన తెల్లతల కనిపించింది.

మైకులో పాటలు మొదలయ్యాయి. నేను రేవుకు వచ్చి రాయి మీద కూర్చున్నాను. ఎవరో టీ తెచ్చిచ్చారు, తాగానో లేదో గుర్తులేదు.

పొద్దువాలుతుండగా నావ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు దిగారు. మేక దిగింది. గురువులు గెడ పట్టుకుని నావలోనే నిలబడ్డాడు, నా వైపు చూడలేదు.

తవిటయ్య తిరిగి రాలేదు. అక్టోబరు పదిహేడు, శుక్రవారం.